సీటు సంగతి సరే, అప్పు సంగతేంటి?



ఏటా జూన్, జులై నెలలు వచ్చాయంటే నా ఫోన్‌కు తీరిక ఉండదు. చాలా కాల్స్ ఒకేలా మొదలవుతాయి. “సార్, పాపకు నీట్‌లో అనుకున్నన్ని మార్కులు రాలేదు. ఎంబీబీఎస్ కష్టమంటున్నారు. అగ్రికల్చర్‌లో చేర్చమంటారా, వెటర్నరీకి పంపమంటారా?” ఇరవై ఏళ్లకు పైగా బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను కాబట్టి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుందని మీ నమ్మకం. ఒకప్పుడు నిజంగానే సిద్ధంగా ఉండేది. “రెండూ మంచి కోర్సులే. ఎక్కడ సీటు వస్తే అక్కడ చేర్చేయండి” అనేవాణ్ణి.

ఇప్పుడు అలా అనలేకపోతున్నాను. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక తండ్రి ఇలాగే అడిగారు. చిన్న కిరాణా షాపు, ఊళ్లో రెండెకరాల పొలం. పాప చురుకైనదే. కానీ కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ అగ్రికల్చర్ సీటు ఉందని ఏజెంటు చెప్పాడట. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి మూడు లక్షలు. “వదలొద్దు, అగ్రికల్చర్‌కు తిరుగులేదు” అన్నాను. బ్యాంకులో 12 లక్షల అప్పు తీసుకుని చేర్చారు. పాప చక్కగా చదివింది. ఎమ్మెస్సీకి దరఖాస్తు చేసే రోజున తెలిసింది, ఆ కాలేజీకి ఐసీఏఆర్ అక్రిడిటేషన్ లేదని. పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం దొరికింది. చేతికి 24 వేలు. నెలకు ఈఎంఐ 21 వేల పైచిలుకు. ఒక ఎకరం అమ్మేశారు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. “సార్, మీ స్కూల్లో టీచర్ పోస్టు ఏమైనా ఉంటే చెప్పండి” అని మాత్రం అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ కుటుంబానికి కోర్సు గురించి నేను చెప్పింది తప్పు కాదు. ధర గురించి అసలు ఏమీ చెప్పకపోవడమే తప్పు. ఈ నెల మీతో ఆ రెండో మాటే మాట్లాడాలని కూర్చున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అగ్రికల్చర్, వెటర్నరీ రెండూ గౌరవంగా బతకనిచ్చే చదువులు. కానీ చవకగా దొరికినప్పుడే అవి మంచి బేరం. ఎంబీబీఎస్ రాలేదన్న బాధలో, ఎంబీబీఎస్‌కు పెట్టాలనుకున్న డబ్బు తెచ్చి వీటి మీద పెట్టకండి.

ఒకే గాటన కట్టకండి

ముందుగా, ఈ రెండూ ఒకటి కాదు. బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్ నాలుగేళ్ల కోర్సు. మన రాష్ట్రాల్లో ఈఏపీసెట్ ర్యాంకుతో సీట్లు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దీనికి పెద్ద దిక్కు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. చివరి ఏడాదిలో పిల్లలు పల్లెల్లో ఉండి రైతులతో కలిసి పనిచేయాలి. ‘రావెప్’ అంటారు దాన్ని. ఏసీ గదిలో కూర్చుని చేసే చదువు కాదని మీ అబ్బాయికో అమ్మాయికో ముందే తెలియాలి.

బీవీఎస్సీ అండ్ ఏహెచ్, అంటే పశువైద్యం, అయిదున్నరేళ్లు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. దేశవ్యాప్తంగా 15 శాతం సీట్లను వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నీట్ మార్కులతో భర్తీ చేస్తుంది. మన వైపు తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కాలేజీలు ఉన్నాయి. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కాలేజీలు ఉన్నాయి. చదువు పూర్తయ్యాక కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకుంటేనే వైద్యం చేసే హక్కు వస్తుంది.

తేడా ఎక్కడ వస్తుందంటే, పశువైద్యుడి చేతిలో ఒక లైసెన్స్ ఉంటుంది. ఆ పని వేరే డిగ్రీవాళ్లు చేయలేరు. వ్యవసాయ పట్టభద్రుడికి అలాంటి గోడ లేదు. విస్తరణాధికారి ఉద్యోగానికి డిప్లొమా వాళ్లు కూడా పోటీకి వస్తారు. విత్తన కంపెనీ ఉద్యోగానికి ఎమ్మెస్సీ వాళ్లు, ఎంబీఏ వాళ్లు వస్తారు. జీతం మీద దీని ప్రభావం నేరుగా పడుతుంది.

జీతం ఎంత వస్తుంది?

మంచి వైపు నుంచి మొదలుపెడదాం. 2022 డిసెంబరులో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 148 అగ్రికల్చర్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. స్కేలు రూ.51,320 నుంచి రూ.1,27,310. అదే నెలలో 185 వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టులకు ఇచ్చింది. స్కేలు రూ.54,220 నుంచి రూ.1,33,630. మూల వేతనం మీద డీఏ, హెచ్ఆర్ఏ అదనం. ప్రభుత్వ బ్యాంకుల్లో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగాలకు ఐబీపీఎస్ పరీక్ష పెడుతుంది. మొదటి స్కేలు మూల వేతనం రూ.48,480. వ్యవసాయ, పశువైద్య పట్టభద్రులు ఇద్దరూ దానికి అర్హులే. భారత సైన్యంలో రీమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది. పశువైద్యులను అందులోకి నేరుగా అధికారులుగా తీసుకుంటారు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు కూడా ఈ రెండు డిగ్రీలూ పనికొస్తాయి.

వింటుంటే బాగుంది కదా? ఇప్పుడు రెండో వైపు చూడండి. 148, 185 అన్నవి రాష్ట్రం మొత్తానికి. అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు. ఆ పోటీలో మీ పాప పక్కన ఆ ఏడు పాసైనవాళ్లే కాదు, గత నాలుగైదేళ్లుగా ఎదురుచూస్తున్న సీనియర్లు కూడా కూర్చుంటారు. సర్కారు కొలువైనా మొదట్లో ఎలా ఉంటుందో చెప్పే ఉదాహరణ మన ముందే ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకులుగా చేరినవాళ్లకు రెండేళ్ల ప్రొబేషన్‌లో నెలకు ఇచ్చింది 15 వేలే.

ప్రైవేటులో అగ్రికల్చర్ డిగ్రీతో మొదట దొరికేది ఎక్కువగా ఎరువులు, పురుగుమందులు, విత్తనాల కంపెనీల్లో ఫీల్డ్ ఉద్యోగం. మా పాత విద్యార్థుల్లో నేను చూసినంతవరకు మొదటి జీతం 20 వేల నుంచి 30 వేల మధ్య ఉంటోంది. బైకు మీద రోజంతా తిరగాలి. సేల్స్ టార్గెట్ ఉంటుంది. మూడు నాలుగేళ్లు నిలబడి, మంచి పేరు తెచ్చుకుంటే ఏరియా మేనేజర్ స్థాయికి చేరినవాళ్లు ఉన్నారు. మధ్యలో విసిగిపోయి గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకుంటున్నవాళ్లూ ఉన్నారు.

పశువైద్యంలో అవకాశాలు కొంచెం వెడల్పు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణ. దాదాపు కోటీ తొంభై లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. కోడిగుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. కోళ్ల ఫారాలు, దాణా కంపెనీలు, డెయిరీలు, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు, నగరాల్లో కుక్కలు, పిల్లుల క్లినిక్‌లు... అన్నిటికీ డాక్టర్ కావాలి. అయితే వీటిలో కాంట్రాక్టు కొలువులు చాలా. సొంత క్లినిక్ పెడితే పేరు వచ్చేదాకా రెండు మూడేళ్లు అద్దె చేతి నుంచి పెట్టుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండ్ సరిపోవడం లేదని పశువైద్య విద్యార్థులు రోడ్డెక్కిన వార్తలు మీరూ పేపర్లో చదివే ఉంటారు.

వ్యవసాయ పట్టభద్రులు సొంతంగా నిలబడాలనుకుంటే ఒక దారి ఉంది. చాలామందికి తెలియదు. అగ్రి క్లినిక్స్, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం 2002లో మొదలైంది. రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ సంస్థ ఆధ్వర్యంలో 45 రోజుల ఉచిత శిక్షణ ఇస్తారు. ఆ తర్వాత బ్యాంకు రుణంతో యూనిట్ పెడితే 36 శాతం సబ్సిడీ, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం. సొంత పొలం, ఊళ్లో పరిచయాలు ఉన్న పిల్లలకు ఇది నిజంగా పనికొచ్చే దారి. కానీ చదువు అప్పే మెడ మీద కూర్చుని ఉంటే యూనిట్ కోసం ఇంకో అప్పు చేసే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఒక కాగితం, ఒక పెన్ను తీసుకోండి

ఇప్పుడు అసలు లెక్క. పైన చెప్పిన తండ్రి లెక్కే వేద్దాం. ఏడాదికి 3 లక్షల చొప్పున నాలుగేళ్లు, మొత్తం 12 లక్షలు. వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది ఈఎంఐ కట్టనక్కర్లేదు. దాన్నే మారటోరియం అంటారు. కట్టనక్కర్లేదు అంటే వడ్డీ పడదని కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

మొదటి ఏడాది తీసుకున్న 3 లక్షల మీద అయిదేళ్ల వడ్డీ, రెండో ఏడాదిదానికి నాలుగేళ్లు, మూడోదానికి మూడేళ్లు, నాలుగోదానికి రెండేళ్లు. చక్రవడ్డీ లేకుండా సాధారణ వడ్డీ వేసినా 4 లక్షల 20 వేలు అవుతుంది. అంటే మొదటి ఈఎంఐ కట్టే రోజుకు అప్పు 12 లక్షలు కాదు, 16 లక్షల 20 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.21,400. పదేళ్లలో మీరు కట్టేది మొత్తం 25 లక్షల 70 వేల దాకా.

అదే పిల్ల కన్వీనర్ సీటుతో ప్రభుత్వ కాలేజీలో చేరి, ఫీజు, హాస్టల్, మెస్ అన్నిటికీ కలిపి 3 లక్షల అప్పు చేసిందనుకోండి. ఇదే వడ్డీ, ఇదే గడువు. ఈఎంఐ సుమారు రూ.5,350. డిగ్రీ పేరు అదే, తర్వాత దొరికే ఉద్యోగం అదే, జీతం అదే. ఒకరికి 25 వేల జీతంలో దాదాపు 20 వేలు మిగులుతాయి. ఇంకొకరికి మూడున్నర వేలు మిగులుతాయి. ఆ మూడున్నర వేలతో గది అద్దె కట్టాలి, బండికి పెట్రోలు పోయాలి, అన్నం తినాలి.

పశువైద్యానికి అదే 12 లక్షలు అయిదు వాయిదాల్లో తీసుకున్నారనుకోండి. కోర్సు అయిదున్నరేళ్లు, ఆపైన ఏడాది. అప్పు పెరగలేదు, కాలం పెరిగింది. వడ్డీ 5 లక్షల 40 వేలకు చేరుతుంది. ఈఎంఐ సుమారు 23 వేలు. వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ కొలువు వస్తే ఇది మోయగలిగే బరువే. రాకపోతే, లేదా రావడానికి మూడేళ్లు పడితే, ఆ మూడేళ్లు కట్టేది మీరే.

మీరే అని ఎందుకంటున్నానంటే, విద్యా రుణంలో తల్లిదండ్రులు కూడా రుణగ్రహీతలే. ఇంటర్ అయ్యేనాటికి నాన్న వయసు 47 అనుకుంటే, ఆఖరి ఈఎంఐ కట్టేసరికి 62 వస్తాయి. మీ రిటైర్మెంట్, రెండో పిల్లవాడి చదువు, ఇంట్లో పెళ్లి, అన్నీ ఆ పదిహేనేళ్ల మధ్యలోనే ఉన్నాయి.

నేను ఇప్పుడు అందరికీ చెప్పే సూత్రం ఒకటే. గొప్ప జీతం కాదు, దొరకడానికి ఎక్కువ అవకాశం ఉన్న మొదటి జీతం ఎంతో రాసుకోండి. ఈఎంఐ అందులో నాలుగో వంతు దాటకూడదు. 25 వేల జీతం అనుకుంటే ఈఎంఐ 6,250 లోపు ఉండాలి. పై లెక్క ప్రకారం వెనక్కి వెళితే, నాలుగేళ్ల అగ్రికల్చర్ కోర్సుకు మొత్తం అప్పు మూడున్నర లక్షలు దాటకూడదు. అంతకు మించి అయ్యే ఖర్చును అప్పు లేకుండా మీ పొదుపులోంచి, మీ రిటైర్మెంట్ డబ్బు ముట్టకుండా పెట్టగలిగితే పెట్టండి. లేదంటే ఆ సీటు మనది కాదు.

బ్యాంకుకు వెళ్లే ముందు

బ్యాంకుల సాధారణ పద్ధతిలో 4 లక్షల వరకు పూచీ అడగరు. నాలుగు నుంచి ఏడున్నర లక్షల వరకు కొన్ని బ్యాంకులు మూడో వ్యక్తి హామీ అడగవచ్చు. ఏడున్నర దాటితే ఇల్లో, పొలమో తనఖా పెట్టాలి. బ్యాంకు ఆస్తి కాగితాలు అడుగుతోందంటే ఒక నిమిషం ఆగి ఆలోచించాల్సిన సమయం వచ్చిందని అర్థం.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థల్లో మెరిట్ మీద సీటు తెచ్చుకున్నవాళ్లకు తనఖా, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణం మీద మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే వృత్తి విద్యా కోర్సులకు ఆ కాలంలో వడ్డీ మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. మీ పిల్లల కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు చదువు అప్పు మీద కట్టే వడ్డీకి 80ఈ సెక్షన్ కింద ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానంలో అది లేదు.

వీలైతే చదువుతున్న కాలంలోనే నెలనెలా వడ్డీ మాత్రం కట్టేయండి. 12 లక్షల లెక్కలో మీకు 4 లక్షల 20 వేలు మీద పడకుండా ఆగుతుంది. ఫోన్ రీచార్జి లాగా అలవాటు చేసుకుంటే బరువు అనిపించదు.

కాలేజీని ఏం అడగాలి?

బ్రోషర్‌లో ఒక అబ్బాయి ఫోటో, పక్కన పెద్ద ప్యాకేజీ అంకె ఉంటుంది. ఆ ఒక్కడి సంగతి మనకు అక్కర్లేదు. క్లాసులో మిగతావాళ్లు ఏమయ్యారో కావాలి. దీనికి మంచి సాధనం ఒకటి ప్రభుత్వమే ఇచ్చింది. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో 2023 నుంచి వ్యవసాయం, అనుబంధ రంగాలకు విడిగా జాబితా ఉంది. పాల్గొనే ప్రతి సంస్థ కొన్ని వివరాలు ఇవ్వాలి: ఎంతమంది చేరారు, గడువులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, మీడియన్ జీతం ఎంత అని.

మీడియన్ అంటే ఉద్యోగం వచ్చినవాళ్ల జీతాలన్నీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాస్తే సరిగ్గా మధ్యలో పడేది. అది చూశాక, ఆ అంకె ఎంతమందిలో తీసిందో కూడా చూడండి. వందలో పదిమందికే ఉద్యోగం వస్తే, ఆ పదిమంది మీడియన్ మిగతా తొంభైమంది గురించి ఏమీ చెప్పదు. ఇవి కాలేజీలు తామే ఇచ్చే వివరాలు కాబట్టి అక్కడి సీనియర్లు ముగ్గురితో మాట్లాడి సరిచూసుకోవడం మంచిది.

అగ్రికల్చర్ అయితే ఐసీఏఆర్ అక్రిడిటేషన్ ఉందా, ఎప్పటివరకు ఉంది అని కాగితం చూపించమనండి. “అప్లై చేశాం, వచ్చేస్తుంది” అనే మాట మీద ఫీజు కట్టకండి. వెటర్నరీ అయితే వెటర్నరీ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడండి. అది లేకపోతే డిగ్రీ చేతిలో ఉన్నా డాక్టర్‌గా పనిచేయడం కుదరదు. ఈ ఒక్క ప్రశ్న నేను ఆ రోజు అడిగి ఉంటే ఆ ఇంట్లో ఎకరం మిగిలేది.

అమెరికా వెళితే?

“ఇక్కడ డిగ్రీ చేసి అమెరికాలో వెటర్నరీ చేస్తే లక్షల డాలర్లట కదా సార్” అని కూడా కొందరు అడుగుతారు. అక్కడి కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2024 మేలో పశువైద్యుల మీడియన్ వార్షిక సంపాదన 1,25,510 డాలర్లు. నిజమే. కానీ అక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల డాక్టర్ కోర్సు. ‘ప్రీ వెట్’ అనేది ఆ డాక్టర్ కోర్సుకు సిద్ధం చేసే దారి మాత్రమే. దాని చివర తలుపు తెరుచుకుంటుందన్న హామీ లేదు. దేశం మొత్తానికి గుర్తింపు ఉన్న పశువైద్య కళాశాలలు ముప్పై పైచిలుకే. సీటు రానివాళ్ల చేతిలో మిగిలేది యానిమల్ సైన్స్ డిగ్రీ, దాని అప్పు. సీటు వచ్చి డాక్టర్ అయినవాళ్లు కూడా సగటున లక్షన్నర డాలర్లకు పైగా అప్పుతో బయటికి వస్తున్నారు. మన బీవీఎస్సీతో వెళ్లినవాళ్లు అక్కడ నేరుగా వైద్యం చేయలేరు. విదేశీ డిగ్రీల కోసం పెట్టిన అర్హత పరీక్షలు దాటి, తర్వాత లైసెన్స్ పరీక్ష రాయాలి.

వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సిన మంచి ఒకటి ఉంది. అక్కడి ప్రభుత్వం ‘కాలేజ్ స్కోర్‌కార్డ్’ నడుపుతోంది. ఫలానా కాలేజీలో ఫలానా కోర్సు చదివినవాళ్ల సంపాదన ఎంత, అప్పు ఎంత అని పక్కపక్కనే చూపిస్తుంది. కోర్సును, అప్పును ఒకే పేజీలో చూడటం అక్కడి తల్లిదండ్రులకు అలవాటవుతోంది. మన దగ్గర ఆ పేజీ మనమే రాసుకోవాలి.

మా వైపు నుంచి ఒక మాట

తప్పంతా మీ మీద వేసి నేను పక్కకు తప్పుకోలేను. మాలాంటి విద్యాసంస్థల హోర్డింగుల మీద ఎంబీబీఎస్ సీట్ల ఫోటోలు వరుసగా ఉంటాయి. బాపట్లలోనో, తిరుపతిలోనో అగ్రికల్చర్ సీటు తెచ్చుకున్న పిల్లవాడి ఫోటో ఉండదు. దాంతో ఆ పిల్లవాడికీ, మీకూ అది ఓడిపోయినవాళ్లు వెళ్లే దారి అనిపిస్తుంది. ఓడిపోయామనుకున్నవాళ్లు బేరం ఆడరు. ఎంత చెబితే అంత కట్టి పరువు దక్కించుకుంటారు. ఏజెంట్లు బతికేది ఆ పరువు మీదే.

అలా కాకుండా, తొమ్మిదో తరగతిలోనే “నాకు పశువులంటే ఇష్టం” అన్న పిల్లకు ఆ దారి ముందే చూపిస్తే, ఆమె ఈఏపీసెట్, నీట్, ఐసీఏఆర్ కోటా కోసం సీయూఈటీ, మూడింటికీ ఇష్టంగా సిద్ధమవుతుంది. పొలం ఉన్న కుటుంబాలకు రైతు కోటా ఉంది. దానికి భూమి పత్రాలు, గ్రామీణ ప్రాంతంలో చదివిన సర్టిఫికెట్లు కావాలి. ఆ నిబంధనలు నోటిఫికేషన్‌లో ఒకసారి చదివి, కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. తక్కువ ఫీజు సీటు అదృష్టంతో రాదు. ముందు నుంచి గురి పెడితే వస్తుంది. ఒకసారి రాకపోతే, 12 లక్షల అప్పు కంటే ఒక ఏడాది లాంగ్‌టర్మ్ తీసుకోవడం చాలాసార్లు చవక. అదీ పిల్లలకు ఇష్టమైతేనే.

ఫ్రిజ్ మీద అతికించుకోవడానికి

సీటు ఖాయం చేసే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఈ ఆరు ప్రశ్నలకు జవాబు రాయండి.

1. పొలంలో, పశువుల మధ్య పనిచేయడం మన పిల్లలకు ఇష్టమేనా, ఒక రోజైనా అలా గడిపి చూశారా?
2. కోర్సు మొత్తానికి హాస్టల్, మెస్, ప్రయాణాలతో సహా ఎంత అవుతుంది?
3. అందులో అప్పు ఎంత, మారటోరియం వడ్డీ కలిపితే ఎంత?
4. ప్రభుత్వ ఉద్యోగం రాకపోతే వచ్చే మొదటి జీతం ఎంత, ఈఎంఐ అందులో నాలుగో వంతు లోపేనా?
5. ఐసీఏఆర్ లేదా వెటర్నరీ కౌన్సిల్ గుర్తింపు కాగితం కళ్లారా చూశామా?
6. ఉద్యోగం మూడేళ్లు ఆలస్యమైతే ఈఎంఐ ఎవరు కడతారు?

ఆరో ప్రశ్నకు జవాబు “చూద్దాంలే” అయితే, దయచేసి అడ్వాన్సు కట్టకండి. ఏజెంటు “ఇవాళే ఆఖరి రోజు” అంటాడు. అననివ్వండి. ఎకరం అమ్మడానికి ఒక్క రోజు చాలు. అదే ఎకరం మళ్లీ కొనాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకోండి. లెక్క కలిసి చూద్దాం. “ఎక్కడ సీటు వస్తే అక్కడ చేర్చేయండి” అని మాత్రం ఇక నేను అనను.

మీ పిల్లల జువాలజీ మాస్టారు